ఎదుగుదల బిడ్డది.. ఘనత సూదిది!
సెరిబ్రల్ పాల్సీ చిన్నారులకు ‘సూది చికిత్స’ల వల.. చైనా అనుభవం చెబుతున్నదేమిటి?

కదిరి: వారానికి ఒక రోజు భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ శిబిరం జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాల నుంచి తల్లులు పిల్లలను చంకనెత్తుకుని బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. ఇటీవల ఆ శిబిరం వద్ద ఓ తల్లి మూడేళ్ల కుమారుణ్ని ఒళ్లో పెట్టుకుని ఈ విలేకరిని ఒక మాట అడిగింది. బెంగళూరులో ఎవరో వెన్నుపైన, తలపైన సూదులు వేస్తున్నారట. మెదడుకు బలం వచ్చి నడవలేని పిల్లలు నడుస్తున్నారట. పది సూదులకు ఒక కోర్సు, అలాంటివి ఆరు కోర్సులు కావాలట. ‘‘ఎకరా చేను అమ్మేద్దామంటున్నాడు మా ఆయన. నమ్మొచ్చునా అన్నా?’’

ఆమెకు అప్పటికప్పుడు సమాధానం చెప్పడం సాధ్యం కాలేదు. అయితే ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. పుట్టుకతోనో, పుట్టిన కొద్ది రోజులకో మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని బిడ్డలున్న ప్రతి ఇంటా ఏదో ఒక రూపంలో ఇదే ప్రశ్న వినిపిస్తుంది. ఒకరికి సూది, మరొకరికి మూలకణాలు, ఇంకొకరికి ఆక్సిజన్ గది. పేరు మారుతుంది, చేను మాత్రం అమ్ముడుపోతుంది. ఈ మార్గంలో మనకంటే చాలా ముందు, చాలా దూరం ప్రయాణించిన దేశం చైనా. అక్కడ ఏం జరిగిందో తెలుసుకోవడం ఇక్కడి తల్లిదండ్రులకు అవసరం.

జెంగ్జౌలో ఏం జరిగింది?

చైనాలో ‘నీటి సూది’ అనే వైద్య విధానం ఒకటుంది. 1950వ దశకంలో అది వ్యాప్తిలోకి వచ్చింది. ఆక్యుపంక్చర్ వైద్యులు సన్నని పొడి సూదులు గుచ్చే బిందువుల్లోనే సిరంజితో ఆధునిక ఔషధాన్ని ఎక్కించడం దీని సారాంశం. రెండు వైద్య విధానాల బలం ఒకేచోట కలుస్తుందన్నది దాని వెనుక ఉన్న వాదన. విటమిన్ బి12, మూలికల సారం, పంది మెదడు నుంచి తీసిన మాంసకృత్తుల ద్రావణం, ఎలుకల నుంచి సేకరించిన నాడీ వృద్ధి కారకం.. ఇలా రకరకాల మందులు ఈ పద్ధతిలో వాడారు. నొప్పులకు మొదలైన ఈ చికిత్స క్రమంగా సెరిబ్రల్ పాల్సీ పిల్లల వార్డుల్లోకి ప్రవేశించింది.

దాదాపు పది కోట్ల జనాభా ఉన్న హెనాన్ రాష్ట్రానికి జెంగ్జౌ రాజధాని. ఆ నగరంలో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ఈ తరహా సూది చికిత్సకు దశాబ్దాలుగా పేరుపొందింది. 2019 డిసెంబరులో చైనాలోని ఒక వైద్య సమాచార వేదిక అక్కడి పరిస్థితులను బయటపెట్టింది. ఒక్కో విడతలో పసిపిల్లల ఒంటిపై వరుసగా అనేక సూదులు వేయడం, పిల్లలు గుక్కపట్టి ఏడవడం, కదలకుండా పట్టుకునే బాధ్యత కన్నవారిపైనే పడటం దేశవ్యాప్తంగా తీవ్ర చర్చకు దారితీసింది. ఈ చికిత్సను సమర్థించే నాణ్యమైన ప్రయోగాలు లేవనీ, ఇతర దేశాల వైద్య మార్గదర్శకాల్లో దీని ప్రస్తావనే కనిపించదనీ నిపుణులు ఆక్షేపించారు. వివాదం ముదరడంతో ఆసుపత్రి ఆ చికిత్సను నిలిపివేసింది. రాష్ట్ర ఆరోగ్య యంత్రాంగం కూడా రంగంలోకి దిగింది.

ఇక్కడ గమనించదగ్గ విషయమొకటుంది. ఇది సందుగొందుల్లోని నకిలీ వైద్యుడి కథ కాదు. తెల్లకోటు, ప్రొఫెసర్ హోదా, ప్రభుత్వ భవనం, వైద్య పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే.. సూది వేయించుకున్న పిల్లలనూ, వేయించుకోని పిల్లలనూ పక్కపక్కన నిలిపి నిజాయితీగా పోల్చి చూడటం.

ఎవరి ఎదుగుదల ఎవరి ఖాతాలో?

‘‘మా కళ్లతో చూశాం, సూదులు వేయించాక మెడ నిలబడింది’’ అని చెప్పే తల్లిదండ్రులు చైనాలోనూ ఉంటారు, మన దగ్గరా ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. మెడ నిలబడిన మాట నిజం. అయితే నిలబెట్టింది ఎవరన్నదే అసలు ప్రశ్న.

సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ ఒక్కసారి తగిలి ఆగిపోతుంది. అది ముదిరే వ్యాధి కాదు. దెబ్బతిన్న మెదడుతోనే బిడ్డ ఎదుగుతాడు, ఆలస్యంగానైనా కొన్ని పనులు నేర్చుకుంటాడు. కెనడాలోని ఒంటారియోలో 657 మంది పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి ఈ ఎదుగుదలను రేఖాచిత్రాలుగా గీశారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనం పిల్లలను తీవ్రతను బట్టి అయిదు స్థాయులుగా విభజించింది. ఆసరా లేకుండా నడవగలిగేవారు మొదటి స్థాయి. మెడ నిలపడమే కష్టమై, ఎటు వెళ్లాలన్నా ఇతరులు తీసుకెళ్లవలసినవారు అయిదో స్థాయి. తేలిందేమిటంటే, మొదటి స్థాయి పిల్లలు తమ కదలికల సామర్థ్యంలో 90 శాతాన్ని సుమారు అయిదేళ్లలోపే అందుకుంటారు. అయిదో స్థాయి పిల్లలకు ఆ గడువు మూడేళ్ల కంటే తక్కువే. ఆ తర్వాత రేఖ దాదాపు చదునుగా సాగుతుంది.

సూదులు వేసేవారు ఏ వయసు పిల్లలను కోరుకుంటారో గుర్తుచేసుకుంటే విషయం బోధపడుతుంది. ‘‘చిన్నప్పుడే తీసుకురండి, ఆలస్యమైతే ఫలితం ఉండదు’’ అంటారు. రెండేళ్లప్పుడు మొదలుపెడితే సూది వేసినా, కొబ్బరినీళ్లు తాగించినా నాలుగేళ్లకు బిడ్డలో మార్పు కనిపిస్తుంది. ఆ మార్పు సూది ఖాతాలో చేరుతుంది. అయిదేళ్లు దాటాక రేఖ చదునైతే ‘‘మీరు ఆలస్యంగా వచ్చారు, మధ్యలో రెండు కోర్సులు మానేశారు’’ అని తప్పు తల్లిదండ్రుల ఖాతాలో పడుతుంది. ఎటు తిరిగినా నష్టపోని వ్యాపారమిది.

చైనాలో దీనికి మరో పొర కూడా ఉంది. నెలలు నిండకుండా పుట్టిన, కదలికల్లో స్వల్ప తేడాలున్న శిశువులకు కచ్చితమైన నిర్ధారణ లేకుండానే మెదడు సమస్య అనే ముద్రవేసి చికిత్స మొదలుపెడుతున్నారన్న విమర్శ అక్కడి వైద్యుల నుంచే వచ్చింది. అలాంటి శిశువుల్లో చాలామంది ఏ మందూ లేకుండానే మామూలుగా ఎదుగుతారు. వారందరూ ‘నయమైన కేసులు’గా లెక్కకెక్కితే ఆసుపత్రి విజయాల శాతం ఆకాశాన్నంటుతుంది.

కళ్లను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు కెనడాలోనే క్విబెక్ రాష్ట్రంలో జరిగిన ప్రయోగం మంచి సమాధానం. అధిక పీడనంతో ఆక్సిజన్ నింపిన గదిలో కూర్చోబెడితే సెరిబ్రల్ పాల్సీ తగ్గుతుందని అప్పట్లో విస్తృత ప్రచారం జరిగింది. తల్లిదండ్రుల ఒత్తిడి పెరగడంతో 111 మంది పిల్లలపై పరీక్షించారు. సగం మందికి ఆక్సిజన్, మిగిలిన సగం మందికి కొద్దిపాటి పీడనంతో మామూలు గాలి ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో తల్లిదండ్రులకు తెలియదు. 2001లో ఫలితాలు వెల్లడయ్యాయి. రెండు బృందాల్లోనూ పిల్లలు మెరుగుపడ్డారు, అదీ సమానంగా! ఆక్సిజన్‌కు ప్రత్యేకంగా దక్కిన ఘనత ఏమీ లేదు. రోజూ బిడ్డతో గడిపిన సమయం, ఆశతో తల్లిదండ్రులు చూపిన శ్రద్ధ, వయసుతో వచ్చే ఎదుగుదల పనిచేసి ఉంటాయి. రెండో బృందం లేకపోతే ఆక్సిజన్ గదులు నేడు ప్రతి పట్టణంలో వెలసి ఉండేవేమో.

మందుల కథ

సూదిలో ఎక్కించే మందుల విషయానికొస్తే, 2019 జులైలో చైనా ప్రభుత్వమే ఒక కీలక నిర్ణయం తీసుకుంది. విచ్చలవిడిగా వాడుతున్నారన్న కారణంతో 20 ఔషధాలను ప్రత్యేక నిఘా జాబితాలో చేర్చింది. మెదడు మాంసకృత్తుల ద్రావణం, ఎలుకల నాడీ వృద్ధి కారకం, గాంగ్లియోసైడ్ ఇంజెక్షన్ వాటిలో ఉన్నాయి. ఆ ఏడాదే ప్రకటించిన జాతీయ బీమా ఔషధాల పట్టికలో ఆ 20 మందుల్లో ఒక్కదానికీ చోటు దక్కలేదు. ‘మెదడుకు పోషణ’ పేరిట ఏళ్ల తరబడి సాగిన వ్యవహారానికి సర్కారే పరోక్షంగా అడ్డుకట్ట వేసినట్లయింది.

అసలు ఇంతకాలం ఎందుకు సాగింది? చైనాలో ప్రభుత్వాసుపత్రులు చాలావరకు తమ ఖర్చులు తామే సంపాదించుకోవాలి. మందుల అమ్మకంపై 15 శాతం అదనంగా వసూలు చేసుకునే వెసులుబాటు వాటికి ఉండేది. 2017లోగానీ అది పూర్తిగా రద్దు కాలేదు. ఫిజియోథెరపిస్టు గంటసేపు బిడ్డతో కుస్తీపడితే వచ్చే ఆదాయం కంటే పది నిమిషాల్లో వేసే సూదుల ఆదాయం ఎక్కువైతే, ఏది పెరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఈ లెక్క చైనాకే పరిమితం కాదని మన ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూసినవారికి తెలుసు.

పంది మెదడు నుంచి తయారయ్యే సెరిబ్రోలైసిన్ అనే ఇంజెక్షన్ మన దేశంలోనూ దొరుకుతుంది. పెద్దలకు వచ్చే పక్షవాతంలో ఇది ఎంతవరకు పనిచేస్తుందో స్వతంత్ర సమీక్షకులు ప్రయోగాలన్నీ క్రోడీకరించి పరిశీలించారు. చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని, కొన్ని తీవ్ర దుష్ఫలితాలు పెరిగే అవకాశం ఉందని తేల్చారు. మూలకణాల చికిత్స సంగతి మరింత స్పష్టం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల్లో ఆమోదం పొందిన కొన్ని మార్పిడులు మినహా మిగిలినవన్నీ ప్రయోగ దశలోనివే. అనుమతి పొందిన ప్రయోగం వెలుపల రోగికి డబ్బు తీసుకుని వాటిని అందించడం తగదు. అయినా కరపత్రాలు ఆగలేదు.

సూది అంటే మనకెందుకింత గురి?

పల్లెల్లో ‘సూదేస్తేనే వైద్యం’ అన్న నమ్మకం ఈనాటిది కాదు. మాత్ర ఇచ్చి పంపితే ‘ఏం డాక్టరయ్యా’ అని పెదవి విరుస్తారు. ఆర్‌ఎంపీ వద్దకు వెళ్లేదే సూది కోసం. ఈ మోజుకు ఒక పాత మూల్యం కూడా ఉంది. పోలియో ఉన్న రోజుల్లో, లోపల వైరస్ చేరి జ్వరంతో ఉన్న బిడ్డకు తొడకో పిరుదుకో సూది వేస్తే ఆ కాలికే పక్షవాతం వచ్చే ముప్పు పెరిగేదని వైద్య శాస్త్రం తేల్చింది. ‘‘సూది వేశాకే కాలు పడిపోయింది’’ అని మన పెద్దలు చెప్పుకొన్న కథల్లో కొన్నింటికి ఆధారం అదే. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు, 2014లో పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ కూడా లభించింది. సూదిపై మోజు మాత్రం అలాగే ఉంది.

అలాగని సెరిబ్రల్ పాల్సీలో సూదులన్నీ దండగేనని చెప్పడం తప్పవుతుంది. బిగుసుకుపోయిన కండరంలోకి నేరుగా ఇచ్చే బొటులినమ్ ఇంజెక్షన్‌కు బలమైన ఆధారాలున్నాయి. అది మెదడును బాగుచేస్తుందని ఎవరూ చెప్పరు. ఫలానా కండరం మూడు నాలుగు నెలలు సడలుతుంది, ఆ వ్యవధిలో వ్యాయామం, పట్టీలతో కాలు సాగదీయాలి అని ముందే చెబుతారు. ఏం చేస్తుంది, ఎంతకాలం చేస్తుంది, ఏం చేయలేదు అన్న మూడు ప్రశ్నలకు జవాబుందక్కడ. తొలి శిబిరంలో కలిసిన ఆ తల్లికి బెంగళూరు నుంచి అందిన సమాచారంలో ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మందు పేరు కూడా చెప్పలేదు.

సూది వల్ల పోయేదేముంది, విటమినేగా అనే వాదన కూడా వింటుంటాం. పదుల సంఖ్యలో గుచ్చితే చీము పట్టవచ్చు, నరం దెబ్బతినవచ్చు. నొప్పికి, భయానికి ఈ పిల్లల కండరాలు మరింత బిగుసుకుంటాయి. మాట రాని బిడ్డ తన బాధ చెప్పుకోలేడు. అన్నింటికంటే మించి, పోయేది కాలం. ఆ అయిదేళ్లు మళ్లీ రావు.

పనిచేసేది ఏది?

బిడ్డ తానుగా చేయాలనుకునే పనిని పదేపదే చేయించడం.. అంటే గ్లాసు పట్టుకోవడం, మంచం కోడు పట్టుకుని లేవడం, తమ్ముడి వైపు పాకడం. నేడు ప్రపంచవ్యాప్తంగా ఆధారాలున్న పద్ధతి ఇదే. థెరపిస్టు వంచి, సాగదీసి పంపే అరగంట కంటే ఇంట్లో జరిగే ఈ సాధనే ఎక్కువ ఫలితమిస్తుంది. ఒక చేయి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకు మంచి చేతిని కొంతసేపు కట్టి ఉంచి రెండో చేతితో ఆడించే పద్ధతికీ మంచి ఆధారాలున్నాయి. మూర్ఛకు మందులు క్రమం తప్పకూడదు. మింగడం కష్టమైన బిడ్డను పడుకోబెట్టి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి.

తుంటి కీలు గురించి విడిగా చెప్పుకోవాలి. నడవలేని పిల్లల్లో తొడ ఎముక కొద్దికొద్దిగా గుంట నుంచి జారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, ఎవరికీ తెలియదు. తెలిసేసరికి బిడ్డ కూర్చోలేడు, రాత్రిళ్లు నిద్రపోడు. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి పిల్లలందరికీ నిర్ణీత కాలానికి ఎక్స్‌రే తీసి, జారుడు కనిపించగానే చికిత్స చేయడంతో కీలు పూర్తిగా తప్పిపోయే కేసులు దాదాపు కనుమరుగయ్యాయి. ఇందుకు కావలసింది ఒక ఎక్స్‌రే యంత్రం, గుర్తుపెట్టుకునే ఒక రిజిస్టరు. శిబిరానికి వచ్చిన ఆ మూడేళ్ల బాబుకు రెండుసార్లు మెదడు స్కానింగ్ జరిగింది. తుంటి ఎక్స్‌రే ఒక్కసారీ తీయలేదు.

మన వ్యవస్థ వాటా ఎంత?

సూదుల వ్యాపారులను తిట్టి ఊరుకుంటే సరిపోదు. వారి వద్దకు తల్లిదండ్రులు ఎందుకు వెళుతున్నారో ఆలోచించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పరీక్షించి, లోపాలున్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. కాగితంపై చక్కని ఏర్పాటు. కానీ ఇక్కడి పల్లె నుంచి జిల్లా కేంద్రానికి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వారానికి ఒకరోజే ఉంటారు. ఒక్కో బిడ్డకు దక్కేది కొన్ని నిమిషాలు. మిగిలిన ఆరు రోజులు ఏం చేయాలో నేర్పేవారు కరవు. ఆ ఖాళీలోకే సూది వస్తోంది.

హక్కులకు కొదవ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది. మామూలు బీమాల్లో దొరకని థెరపీ ఖర్చులు కూడా ఇందులో వస్తాయి. ఆ రోజు శిబిరంలో ఉన్న తల్లులను అడిగితే పింఛను గురించి అందరికీ తెలుసు, ‘నిరామయ’ పేరు ఒక్కరూ వినలేదు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి 6 వేల రూపాయలైంది. ఆ డబ్బు బిడ్డ తిండికీ, థెరపీ ప్రయాణాలకూ చేరాల్సిందిపోయి సూదుల వాయిదాలకు పోతే ఆ పెంపు ఎవరికి చేరినట్లు?

సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థ, నెల్లూరులోని ప్రాంతీయ కేంద్రం, చెన్నై సమీపంలోని ముట్టుకాడులో బహుళ వైకల్యాల సంస్థ కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో నడుస్తున్నాయి. దూరాభారమైనా ఒకసారి వెళ్లి బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడో తెలుసుకుని, ఇంట్లో చేయించాల్సిన సాధన నేర్చుకుని రావడం మేలు. అక్కడ ‘నడిపిస్తాం’ అని ఎవరూ హామీ ఇవ్వరు. అది విని నిరాశతో బయటకొచ్చినవారే హామీ ఇచ్చేవాడిని వెతుక్కుంటూ వెళుతుంటారు. నిజం చెప్పేటప్పుడు మరో అరగంట కూర్చోబెట్టి, బిడ్డ చేయగలిగినవి ఏమిటో కూడా చెబితే ఈ పరుగు కొంతైనా తగ్గుతుందని శిబిరంలో ఓ తండ్రి అన్న మాట వైద్యులు వినదగ్గది.

తర్వాతి వారం ఆ తల్లి మళ్లీ శిబిరానికి వచ్చింది. పై సంగతులు వీలైనంత విడమరచి చెప్పగా విన్నది. చేను ఇంకా అమ్మలేదు, భర్త మాత్రం ఇంకా మెత్తబడలేదు. ‘‘వాళ్లు నడుస్తాడని చెప్తాండారు. మీరు చెప్పలేకపోతాండారు’’ అంది. ఫిజియోథెరపిస్టు ఆమెకు ఆ రోజు ఒకటే నేర్పారు. బిడ్డను రెండు కాళ్లూ దగ్గరచేసి చేతుల్లో పడుకోబెట్టి మోయకుండా, మన అమ్మమ్మలు ఎత్తుకున్నట్లు నడుముకు అటో కాలు ఇటో కాలు వేసి చంకనెత్తుకోమన్నారు. కత్తెరలా బిగుసుకునే తొడలు అలా విడిపడతాయి, తల నిలబడుతుంది. ఆమె ఎత్తుకుంది. బిడ్డ కాసేపు ఏడ్చి, బస్టాండు చేరేసరికి ఆమె భుజంపై నుంచి రోడ్డు మీది లారీలను చూడటం మొదలుపెట్టాడు.